‘ర్యాండమ్’ అని రాసేయమంటున్నారు, రాయనా?

హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఎవరో పోల్చుకోకుండా కొన్ని వివరాలు మార్చి, సంగతి క్లుప్తంగా చెబుతాను.

ఆవిడకి ముప్పై ఎనిమిదేళ్లు. ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతూ పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేస్తున్నారు. ఇది ఆరో ఏడు. హైదరాబాద్‌లో ఇళ్లలో పనిచేసే మహిళల జీతాలు, సెలవులు, అప్పులు ఆవిడ అంశం. సినాప్సిస్‌లో ‘సింపుల్ ర్యాండమ్ శాంప్లింగ్ పద్ధతిలో 384 మంది’ అని రాసి అనుమతి తెచ్చుకున్నారు. ఆ వాక్యం ఒక సీనియర్ థీసిస్‌లోంచి దిగింది. తీరా ఫీల్డుకి వెళ్తే, నగరంలో ఇళ్లలో పనిచేసేవాళ్ల జాబితా అంటూ ఎక్కడా లేదు. చేసేదిలేక తమ ఇంట్లో వంట చేసే అక్కని అడిగారు. అక్క తన చెల్లెల్ని, వదినని, బస్తీలో తెలిసినవాళ్లని తెచ్చింది. వాళ్లు ఇంకొందరిని తెచ్చారు. ఎదురింట్లో పనిచేసే ఆవిడ, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్య కూడా అలాగే కొందరిని పంపారు. ఫారం నింపితే తలా వంద రూపాయలు. పద్నాలుగు నెలల్లో 384 పూర్తయ్యాయి.

ప్రీ-సబ్మిషన్ సెమినార్‌లో బయటి నుంచి వచ్చిన ప్రొఫెసర్ ఒక్కటే అడిగారట, ‘మీ శాంప్లింగ్ ఫ్రేమ్ ఏమిటమ్మా?’ అని. ఈవిడకి నోట మాట రాలేదు. గైడ్ అప్పటికి సర్ది, తర్వాత గదిలోకి పిలిచి ‘ర్యాండమ్ అనే ఉంచు, అందరూ అదే రాస్తారు. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలు. నువ్వు 384 మెతుకులు పట్టావు’ అన్నారు. ఆయన వచ్చే ఏడాది రిటైర్ అవుతున్నారు. భర్తగారి మాట: ‘థీసిస్ ఎవరు చదువుతారు? పట్టా వస్తే చాలు.’

ఈలోగా టేబుల్స్ వేస్తుంటే ఇంకో సంగతి బయటపడింది. 384 మందిలో 261 మంది పాలమూరు వైపు నుంచి వచ్చినవాళ్లు. దాని మీద ఆవిడ ఒక అధ్యాయమే రాశారు. ఆ అంకె నగరానిదా, లేక వంట చేసే అక్కది పాలమూరు కావడం వల్ల వచ్చిందా అనే అనుమానంతో ఇప్పుడు నిద్ర పట్టడం లేదు. అక్కేమో పొద్దున్నే పొయ్యి దగ్గర నిలబడి ‘మా గురించి ఏం రాసినవమ్మా?’ అని అడుగుతోందట.

‘ఆరేళ్ల పని బూడిదలో పోసిన పన్నీరేనా? సార్ చెప్పినట్టు రాసేయనా? మళ్లీ మొదట్నుంచీ చేయాలంటే నా వల్ల కాదు’ అని ఉత్తరం ముగించారు.

*

అమ్మా, ముందు ఆ ఫారాలు అటకెక్కించకండి. అవి పనికొస్తాయి. ఎంతవరకు పనికొస్తాయన్నదే మనం తేల్చుకోవాల్సింది.

మొదట ఆ మాట సంగతి చూద్దాం. మనం మాటల్లో ‘ర్యాండమ్‌గా నలుగుర్ని అడిగాను’ అంటే, కనబడ్డవాళ్లని అడిగాను అని అర్థం. గణాంక శాస్త్రంలో దాని అర్థం సరిగ్గా ఇందుకు తిరగబడి ఉంటుంది. అక్కడ కనబడ్డవాళ్లని అడగడానికి వీల్లేదు. అందరి పేర్లూ ముందు రాసుకోవాలి, చీటీలు తీయాలి, ఎవరి చీటీ వస్తే వాళ్లింటికి మూడుసార్లయినా వెళ్లాలి. ప్రతి మనిషికీ ఎంపికయ్యే అవకాశం ఎంతో ముందే తెలిసి ఉండాలి, ఆ అవకాశం ఎవరికీ సున్నా కాకూడదు. సంభావ్యతా ప్రతిచయనం అనే పెద్ద పేరు వెనక ఉన్నది ఇంతే. చీటీలు వేయడానికి కావాల్సిన ఆ పేర్ల జాబితానే ఫ్రేమ్ అంటారు. నేనూ ఎం.ఫిల్ రోజుల్లో బస్టాండులో దొరికినవాళ్లని పట్టుకుని అడిగి, డిసర్టేషన్‌లో దర్జాగా ‘ర్యాండమ్’ అని రాశాను. ఎవరూ అడగలేదు. మిమ్మల్ని అడిగారు, అంతే తేడా.

మీకు జాబితా దొరకలేదంటే అది మీ తప్పు కాదు. 2021 ఆగస్టులో మొదలైన ఈ-శ్రమ్ పోర్టల్ ఉంది, కానీ తమంతట తాము నమోదు చేసుకున్నవాళ్లే అందులో ఉంటారు. ఇళ్లలో పనిచేసేవాళ్లు, చెత్త ఏరుకునేవాళ్లు, కాగితాల్లేని వలస కూలీలు, ఇలాంటివాళ్ల మీద పనిచేసే ఎవరికైనా ఈ చిక్కు తప్పదు. అందుకే మనుషుల ద్వారా మనుషుల దగ్గరికి వెళ్లే పద్ధతి పుట్టింది. దాన్ని స్నోబాల్ అంటారు. లియో గుడ్‌మన్ 1961లోనే దాని లెక్కల మీద పత్రం రాశారు. అంటే మీరు చేసిన పనికి అరవై ఏళ్లకు పైబడ్డ గౌరవమైన పేరొకటి ఉంది. ఆ పేరు వదిలేసి పక్కింటి పేరు పెట్టుకోవడంతోనే తిప్పలొచ్చాయి.

ఇక ఆ 384. మన విశ్వవిద్యాలయాల్లో ఈ అంకెకి దాదాపు మంత్రం హోదా ఉంది. 1970లో క్రెజ్సీ, మోర్గాన్ అనే ఇద్దరు ఒక పట్టిక వేశారు. జనాభా పది లక్షలుంటే 384 చాలు అని అందులో ఉంటుంది. అయిదు శాతం అటూ ఇటూ పొరపాటుకి ఒప్పుకుని, 95 శాతం నమ్మకం కావాలంటే వచ్చే అంకె అది. అయితే ఆ లెక్కంతా చీటీలు తీశారన్న షరతు మీద కట్టింది. చీటీలే తీయనప్పుడు 384కీ 300కీ 500కీ నడుమ ఆ పట్టిక చెప్పగలిగేది ఏమీ లేదు.

మీ సార్ సామెత మంచిదే. కాకపోతే ఒకే ఎసట్లో, ఒకే గిన్నెలో ఉడికిన అన్నానికి అది వర్తిస్తుంది. మీరు మూడు గిన్నెల్లో మూతకి దగ్గరగా ఉన్న మెతుకులు పట్టి చూశారు. ఊళ్లో మిగతా గిన్నెల సంగతి ఆ మెతుకులు చెప్పవు.

మెతుకులు ఎక్కువ పడితే సరిపోతుందా అంటే, దానికి అమెరికాలో జరిగిన కథ ఒకటుంది. 1936 అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక దాదాపు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పోస్టు చేసింది. చిరునామాలు టెలిఫోన్ డైరెక్టరీలు, కార్ల రిజిస్ట్రేషన్ల లాంటి చోట్ల నుంచి తీసింది. మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవాళ్లెవరో ఊహించుకోండి. 23 లక్షలకు పైగా జవాబులొచ్చాయి. రూజ్‌వెల్ట్ మీద పోటీ చేసిన లాండన్ గెలుస్తాడని పత్రిక తేల్చింది. రూజ్‌వెల్ట్ అరవై శాతం దాటిన ఓట్లతో గెలిచాడు. పంపిన ప్రతి నాలుగింటిలో ఒకటే తిరిగొచ్చింది కాబట్టి, జాబితాతో పాటు ఎవరు జవాబివ్వాలనుకున్నారన్నదీ దెబ్బ తీసింది. అదే ఎన్నికలో జార్జ్ గాలప్ సుమారు 50,000 మందితో రూజ్‌వెల్టే అని చెప్పగలిగాడు. అక్కడితో కథ ఆపేసి గాలప్‌కి హారతి పట్టేవాళ్లే ఎక్కువ. 1948లో అదే గాలప్ డ్యూయీ గెలుస్తాడన్నాడు, ట్రూమన్ గెలిచాడు. అప్పట్లో వాళ్లు వాడినది కోటా పద్ధతి. ఇంతమంది ఆడవాళ్లు, ఇంతమంది పేదవాళ్లు అని లెక్క ఇచ్చి, ఆ లెక్కలో ఎవర్ని అడగాలో సర్వే చేసేవాడికే వదిలేసేవారు. పైగా పోలింగుకి చాలా ముందే సర్వేలు ఆపేశారు. ఆ దెబ్బ తర్వాతే పెద్ద సంస్థలు చీటీల పద్ధతి వైపు గట్టిగా మళ్లాయి.

ఇప్పుడు మీ పాలమూరు అంకె. మీరు చేసిన ఒక మంచి పనికి మీరే విలువ ఇవ్వలేదు. ప్రతి ఫారం మీదా ‘ఎవరు పంపారు’ అని రాసుకున్నారు. ఉత్తరంతో పంపిన నోట్‌బుక్ పేజీలు ముందేసుకుని ఒక సాయంత్రం లెక్కపెట్టాను. వంట చేసే అక్క నుంచి మొదలైన గొలుసులో 236 మంది ఉన్నారు, వాళ్లలో 212 మంది పాలమూరు వైపు వాళ్లు. మిగతా రెండు గొలుసులూ కలిపి 148 మంది, వాళ్లలో 49 మంది. అంటే మొదటి గొలుసులో పదికి తొమ్మిది, మిగతా వాటిలో మూడింట ఒక వంతు. 68 శాతం అనే మీ అంకె ఈ రెండింటినీ కలిపి ఉడకేసినది. అది హైదరాబాద్ గురించి చెప్పే మాట కాదు. మీ అక్కకి ఊరివాళ్లతో ఎంత గట్టి బంధముందో చెప్పే మాట. ఆ సంగతీ విలువైనదే! పని ఎవరి ద్వారా దొరుకుతుంది, అడ్వాన్సు ఎవరు ఇప్పిస్తారు, ఒంట్లో బాగోకపోతే బదులు ఎవరు వెళ్తారు, ఇవన్నీ ఆ బంధం మీదే నడుస్తాయి. అధ్యాయాన్ని చింపేయకండి, దాని ప్రశ్న మార్చండి.

ఇంకో రెండు చూశాను. మీ 384 మందిలో యజమానుల ఇంట్లోనే ఉండి పనిచేసేవాళ్లు ఒక్కరూ లేరు. సాయంత్రం బస్తీకి తిరిగొచ్చేవాళ్ల గొలుసులోకి, బయటికే రాని ఇరవైనాలుగు గంటల మనిషి ఎలా వస్తుంది? సెలవుల మీద మీ అంకెలన్నీ ఆమెని వదిలేసి చెప్పినవే. రెండోది వంద రూపాయలు. అక్క తనవాళ్లకి నాలుగు డబ్బులు రావాలనుకుంది, అందులో తప్పేముంది, మనమైనా అదే చేస్తాం. ఈ గొలుసుని క్రమశిక్షణలో పెట్టడానికే డగ్లస్ హెకథార్న్ 1997లో రెస్పాండెంట్-డ్రివెన్ శాంప్లింగ్ అనే పద్ధతి తెచ్చారు. అందులో మనిషికి మూడు కూపన్ల లాగా ఒక హద్దు పెడతారు, ‘ఈ పనిలో నీకు ఎంతమంది తెలుసు’ అని అందర్నీ అడుగుతారు, ఎక్కువమంది తెలిసినవాళ్ల బరువు లెక్కలో తగ్గిస్తారు. మీ నోట్‌బుక్‌లో అక్క ఒక్కతే స్వయంగా 61 మందిని తెచ్చింది. ఎంతమంది తెలుసన్న ప్రశ్న ఫారంలో లేదు. కాబట్టి ఎవరైనా ‘దీనికి ఆ పేరు పెట్టేయండి’ అని సలహా ఇస్తే వినకండి. అది మొదటి రోజు నుంచే అనుకుని చేయాల్సినది, చివర్లో అద్దే రంగు కాదు.

మరి మీ ముందున్న దారులేమిటి?

సార్ చెప్పినట్టు రాసేయడం ఒకటి. నిజం చెప్పాలంటే చాలామంది ఇలాగే గట్టెక్కారు, మీరూ గట్టెక్కే అవకాశం లేకపోలేదు. కానీ సెమినార్‌లో అడిగిన ప్రశ్న వైవాలో మళ్లీ రాదన్న నమ్మకం ఎవరికుంది? వస్తే జవాబు చెప్పాల్సింది మీరు, సార్ పక్క కుర్చీలో ఉంటారు. ఆ తర్వాత థీసిస్ శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ థీసిస్‌ల భాండారంలోకి ఎక్కుతుంది, ఎవరైనా తెరిచి చూడొచ్చు. ‘ఎవరు చదువుతారు’ అన్న మీవారి మాటకి జవాబు అదే. రేపు ఇంకో విద్యార్థి ‘హైదరాబాద్‌లో ఇళ్లలో పనిచేసేవాళ్లలో 68 శాతం పాలమూరు వాళ్లే’ అని మీ పేరు పెట్టి రాస్తుంది. మీకు వాక్యం మీ సీనియర్ థీసిస్ నుంచి ఎలా వచ్చిందో, అలాగే.

రెండో దారిలో ఈ ఫారాలే ఉంచి పేరు సరిచేస్తారు. ‘మూడు మొదలు మనుషుల నుంచి సాగిన స్నోబాల్ పద్ధతి’ అని రాస్తారు. గొలుసుల బొమ్మ వేస్తారు. ప్రతి ముఖ్యమైన టేబుల్‌నీ గొలుసువారీగా విడగొట్టి చూపిస్తారు. మూడు గొలుసుల్లోనూ ఒకేలా వచ్చిన సంగతి ఏదైనా ఉంటే, ఉదాహరణకి పండగ బోనస్ రాతలో లేకపోవడం, దాన్ని కాస్త ధైర్యంగా చెప్పొచ్చు. గొలుసుని బట్టి మారిపోయినదాన్ని మారిపోయినట్టే చెప్పాలి. శీర్షికలో ‘హైదరాబాద్‌లో’ బదులు ఆ ప్రాంతాల పేర్లు వస్తాయి. టీ-టెస్టులు, కై-స్క్వేర్లు, వాటి పక్కన ‘0.05 కంటే తక్కువ’ అంటూ పెట్టిన నక్షత్రాలు చాలావరకు ఎగిరిపోతాయి. అవి చీటీలు తీసిన నమూనా నుంచి మొత్తం జనాభాకి దూకడానికి వేసిన వంతెనలు, మీకు ఆ గట్టు లేదు. మీకు బాధ కలిగేది ఇక్కడే అని తెలుసు, నెలల తరబడి ఎస్‌పీఎస్‌ఎస్ సాఫ్ట్‌వేర్ ముందు కూర్చున్నారు. థీసిస్ సన్నబడుతుంది. సినాప్సిస్‌లో మార్పుకి కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి, అక్కడ ఒకటి రెండు నెలలు పోవచ్చు.

మూడోది, ఉన్నదానికి కొంచెం చేర్చడం. మళ్లీ మొదట్నుంచీ అక్కర్లేదు. మీ ఏరియాకి దూరంగా ఉన్న రెండు మూడు చోట్ల కొత్త మనుషులతో చిన్న గొలుసులు మొదలుపెట్టడం, ఒక్కొక్కరికీ ముగ్గురికి మించి పంపొద్దని చెప్పడం, ఇంట్లోనే ఉండి పనిచేసేవాళ్లని ఏజెన్సీల ద్వారానో, ఆదివారం చర్చి దగ్గరో, పార్కులో పిల్లల్ని ఆడించే వేళల్లోనో కలవడం. ఫలానా చోట ఫలానా సమయంలో ఎవరుంటారో ముందు పట్టిక వేసుకుని, అందులోంచి చీటీ తీసి వెళ్లే పద్ధతి కూడా ఉంది. 2005–07లో హెచ్ఐవీ మీద జరిగిన ఐబీబీఏ సర్వే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లో సెక్స్ వర్కర్లని కలవడానికి ఇలాంటి పద్ధతినే వాడింది. వాళ్లకున్న మనుషులూ డబ్బూ మీకు లేవు. అరవై డెబ్భై మందిని కలవగలిగినా, ‘నా మొదటి నమూనా ఎవర్ని వదిలేసింది’ అన్నదానికి ఆధారం దొరుకుతుంది. ఖర్చు: రెండు మూడు నెలల ఆదివారాలు, కాలేజీలో సెలవులు, ఇంట్లో సణుగుడు.

ఈ దారిలో ఒక ఆశ పెట్టుకోవద్దు. వయసు, ప్రాంతం, చదువు సరిగ్గా జనాభాలో ఉన్నట్టే సర్దేస్తే నమూనా దానంతటదే ప్రతినిధి అయిపోతుందన్న ఆశ. ఇటలీలో జీని, గల్వానీ అనే ఇద్దరు మహా గణాంకవేత్తలు 1921 జనగణన కాగితాల్లోంచి కొంత నమూనా దాచాలనుకుని, 214 జిల్లాల్లో 29 ఎంచుకున్నారు. తాము చూసుకున్న లక్షణాల సగటులు దేశంతో సరిపోయేలా ఏరికోరి ఎంచుకున్నారు. వాళ్లు చూసుకోని విషయాల్లో అదే నమూనా తప్పింది. నమూనాల ఎంపిక మీద 1934లో గణాంకవేత్త నేమన్ రాసిన ప్రసిద్ధ పత్రానికి ఆ తప్పే ఒక పాఠం. అలాగని సర్దుబాటు ఎప్పుడూ దండగ కాదు. 2012 అమెరికా ఎన్నికలప్పుడు ఎక్స్‌బాక్స్ వీడియోగేమ్ ఆటగాళ్లని రోజూ అడిగి సర్వే చేశారు. జవాబిచ్చినవాళ్లలో నూటికి 93 మంది మగవాళ్లు. అయినా జాగ్రత్తగా బరువులు సర్దితే మంచి అంచనాలే వచ్చాయి. అయితే వాళ్ల దగ్గర లక్షల జవాబులున్నాయి, అసలు ఓటర్లలో ఎవరెంతో కూడా తెలుసు. మీకు అలాంటి కొలబద్ద పూర్తిగా లేదు. ఉన్నంతలో, జాతీయ గణాంక కార్యాలయం ఉపాధి మీద చేసే పీఎల్ఎఫ్ఎస్ సర్వేలో తెలంగాణ పట్టణాల్లో ఇంటిపని చేసేవాళ్ల వయసు, చదువు తీసి మీ టేబుల్ పక్కన పెట్టండి. అది చీటీల పద్ధతిలో చేసే సర్వే. యజమాని ఇంట్లోనే ఉండి తినే పనిమనిషిని అందులో ఆ ఇంటి సభ్యురాలిగానే లెక్కిస్తారు కాబట్టి, మీకు దొరకనివాళ్లు అక్కడ ఉంటారు. మనుషులు తక్కువే పడతారు, జాగ్రత్తగా చదవాలి.

నాలుగో దారి మీ ఉత్తరం అంచున మీరే రాసి కొట్టేశారు. ముప్పై మందితో గంటల తరబడి మాట్లాడిన రికార్డింగులున్నాయట. అంకెలు పక్కన పెట్టి వాటి మీదే థీసిస్ నిలబెట్టొచ్చు. అలాంటి పనిలో కావాలని కొందరిని ఎంచుకోవడమే పద్ధతి, ఎందుకు ఎంచుకున్నారో చెబితే చాలు. కానీ మీది కామర్స్ డిపార్ట్‌మెంట్. టేబుల్స్ లేని థీసిస్‌ని అక్కడ ఎలా చూస్తారో నాకంటే మీకే బాగా తెలుసు.

నాకైతే రెండోదాన్ని పట్టుకుని, మూడోదాంట్లోంచి ఓపికున్నంత కలుపుకుంటే బాగుంటుందనిపిస్తోంది. గడువు మూడు నెలలే అయితే రెండోది ఒక్కటే చాలు. మీ ఇంటి పరిస్థితి మీది, మీరే తేల్చుకోవాలి.

సార్‌తో ఎలా మాట్లాడాలన్నది అసలు భయం కదా. ‘మీరు చెప్పింది తప్పు’ అని మొదలుపెట్టకండి. గొలుసుల టేబుల్ ఒక్క కాగితం మీద వేసి తీసుకెళ్లండి, పదికి తొమ్మిది, మూడింట ఒకటి, పక్కపక్కనే. ‘సార్, ఆ ప్రొఫెసర్ గారే వైవాకి వస్తే ఈ కాగితం చూసి అడుగుతారు. ముందే మనమే చెప్పేస్తే అడగడానికి ఏమీ ఉండదు. మార్పుకి దరఖాస్తు మీ చేతుల మీదుగా వెళ్తే బాగుంటుంది’ అనండి. రిటైర్మెంట్ ముందు చివరి స్కాలర్ వైవాలో రభస జరగాలని ఏ గైడూ కోరుకోరు. ఆయన అప్పటికీ ఒప్పుకోకపోతే, పరిశోధన కమిటీలో ఇంకొకరి సలహా రాతపూర్వకంగా అడగొచ్చు. దాంతో ఆయన మనసు కష్టపెట్టుకుంటారు, సంతకాలు ఆలస్యం కావచ్చు. ఆ ధర తెలిసే అడగండి.

ఇక అక్క. ఆవిడకి జవాబు చెప్పకుండా తప్పించుకుంటున్నది ఎందుకో మీకు తెలుసు. మీ ఇంట్లో జీతం తీసుకునే మనిషి, మీరడిగితే కాదనగలదా? ఈ మాట థీసిస్‌లో కూడా రెండు వాక్యాలుగా రాయండి, తెలిసిన ఎగ్జామినర్ అభినందిస్తారు. ఆవిడకి మాత్రం తెలుగులో రెండు పేజీలు రాసి, ఒక ఆదివారం ఆవిడ చుట్టాలు కూడా ఉన్నప్పుడు చదివి వినిపించండి. జీతాల దగ్గర ‘అట్ల కాదమ్మా’ అని ఎవరో ఒకరు అంటారు, పెన్ను దగ్గర పెట్టుకోండి. వెళ్లేముందు ఇది కూడా అడగండి: ‘అక్కా, మీ ఊరివాళ్లు కానివాళ్లు, ఇంట్లోనే ఉండి పనిచేసేవాళ్లు నీకు ఎవరైనా తెలుసా?’ తెలుసంటే వాళ్ల నంబర్లు తీసుకోకండి. మీ నంబరే అక్కకిచ్చి, ఇష్టమైతే వాళ్లనే ఫోన్ చేయమనండి.